సర్కారు రైలు, కంపెనీ రైలు, దళితుల పని

2020 జూలై 1న రైల్వే శాఖ ఒక ప్రకటన చేసింది. 109 జతల ఊళ్ల మధ్య 151 రైళ్లను ప్రైవేటు కంపెనీల చేత నడిపిస్తామంది. 30 వేల కోట్ల రూపాయల పెట్టుబడి, 35 ఏళ్ల ఒప్పందం, గంటకు 160 కిలోమీటర్ల వేగం, రైలుకు 16 బోగీలకు తగ్గకుండా. దేశాన్ని 12 క్లస్టర్లుగా విడగొట్టారు, అందులో మన సికింద్రాబాదు ఒకటి. ఏడాది తిరిగాక, 2021 జూలైలో టెండర్లు తెరిస్తే ముందుకొచ్చినవి రెండే సంస్థలు. ఒకటి హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్. రెండోది ఐ.ఆర్.సి.టి.సి., అంటే సర్కారు వాటాయే ఎక్కువగా ఉన్న రైల్వే సంస్థ. ప్రైవేటువాళ్లను పిలిస్తే సర్కారు సంస్థే వచ్చి వరసలో నిలబడిందన్న మాట. పథకం అక్కడితో ఆగిపోయింది.

ఆగిపోయినదాని మీద ఇప్పుడు విమర్శ దేనికని అడగొచ్చు. పథకం ఆగింది గానీ దాని చుట్టూ లేచిన వాదన ఆగలేదు. ప్రైవేటుకిస్తే పోటీ వస్తుంది, శుభ్రం వస్తుంది, బళ్లు వేళకు నడుస్తాయని ఒక పక్షం. రైల్వేలు ప్రజల ఆస్తి, అమ్మనివ్వం అని ఇంకో పక్షం. మొదటి పక్షం కమిటీ రిపోర్టులూ సంపాదకీయాలూ రాస్తుంది. రెండో పక్షం యూనియన్ కరపత్రాలూ సదస్సు తీర్మానాలూ రాస్తుంది. మేము రెండు రకాల రాతల్నీ పక్కపక్కన పెట్టుకొని చదివాం. రెంటిలోనూ పెట్టుబడి ఉంది, నష్టం ఉంది, లాభం ఉంది, జాతి ప్రయోజనం ఉంది. పట్టాల మీద పియ్యి ఎత్తిన మనిషి మాత్రం ఎక్కడా లేడు. ఆ మనిషి వైపు నుంచి ఈ రెండు పక్షాల మాటల్నీ పరీక్షించడమే ఇక్కడ మా పని. ఒక్కో పక్షం నుంచి ఒక్కో మాట తీసుకుంటాం.

మొదటి మాట: ప్రధానం కాని పని.

2015 జూన్‌లో బిబేక్ దేబ్రాయ్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. రైల్వే సంస్కరణల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ దాన్నే ముందు పెట్టుకుంటారు. స్వతంత్రమైన నియంత్రణ సంస్థ కావాలనీ, లెక్కలు కంపెనీల పద్ధతిలో రాయాలనీ, ప్రైవేటు రైళ్లకు దారి ఇవ్వాలనీ అందులో ఉంది. వాటి మంచిచెడ్డలు వేరే వాదించుకోవచ్చు. మమ్మల్ని పట్టి ఆపింది ఒక విభజన. రైల్వే చేసే పనుల్ని ఆ కమిటీ రెండు కుప్పలు పోసింది. రైలు నడపడం ప్రధానమైన పని. ఆసుపత్రులు, బడులు, తిండి సరఫరా, రైల్వే పోలీసు దళం ప్రధానం కానివి, రైల్వే దించుకోవాల్సిన బరువు.

ఈ విభజన మనకు కొత్తేమీ కాదు. ఊళ్లో పంట ప్రధానం, కళ్లం ఊడ్చి తాలూ గొడ్డలీ మోసేవాడు ప్రధానం కాదు. గుడి ప్రధానం, గుడి ముందు చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయేవాడు ప్రధానం కాదు. పనిని ముందు ముఖ్యమైనది, ముఖ్యం కానిది అని చీల్చి, తర్వాత ముఖ్యం కాని పనికి మనిషిని పుట్టుకతో కేటాయించడం ఈ దేశంలో చాలా పాత విద్య. ఆర్థికశాస్త్రం దానికి కొత్త పేరు పెట్టిందంతే.

ప్రధానం కాదన్న రైల్వే ఆసుపత్రి ఎవరికి ప్రధానమో చూడండి. ఆఫీసరు భార్యకు జబ్బు చేస్తే కార్పొరేటు ఆసుపత్రి ఉంది. పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ కుటుంబానికి లాలాగూడ ఆసుపత్రి తప్ప ఇంకో గడప తెలియదు. తండ్రి గ్యాంగ్‌మన్, కొడుకు రైల్వే బడిలో చదువుకొని గుమస్తా. ఇట్లాంటి ఇళ్లు సికింద్రాబాదు, కాజీపేట, విజయవాడ రైల్వే కాలనీల్లో ఎన్ని లేవు? ఒక తరంలో వాడ దాటించిన ఆ బడిని, ఆ ఆసుపత్రిని బరువు అనడానికి చాలా నిబ్బరం కావాలి.

ఇక ప్రైవేటు అంటే పోటీ, స్వయంశక్తి అన్నమాట సంగతి. ఈ దేశంలో రైలు మొదలైందే కంపెనీలతో. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిపింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ, అంటే జి.ఐ.పి. రైల్వే. లండన్‌లో వాటాలు కొన్నవాళ్లకు ఏటా 5 శాతం రాబడికి సర్కారు పూచీ పడింది. రైలుకు అంత రాకపోతే మిగతాది ఖజానా నుంచి కట్టాలి. ఖజానా అంటే శిస్తు. శిస్తు అంటే రైతూ, ఆ రైతు పొలంలో వెట్టి చేసిన మాలా మాదిగలూ. మన దగ్గర కంపెనీ పేరులోనే ఈ గుట్టు ఉంది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ నిజాం ఖజానాది, రాబడి కంపెనీది. 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను కొనుక్కొని తన చేతిలోకి తెచ్చుకునేదాకా అదే వరస. 2020 పథకంలో కూడా పట్టాలు సర్కారువి, సిగ్నళ్లు సర్కారువి, స్టేషన్లు సర్కారువి, డ్రైవరూ గార్డూ సర్కారు జీతగాళ్లు. కంపెనీ బోగీలు తెచ్చి టిక్కెట్లు అమ్ముకుంటుంది. నూటడెబ్భై ఏళ్లలో ఏం మారిందో మాకు బోధపడలేదు.

ఇంగ్లండును చూపించేవాళ్లు ఇప్పుడు కొంచెం తగ్గారు. అక్కడ 1993 చట్టంతో రైల్వేను ముక్కలు చేసి అమ్మారు. 2000 అక్టోబరులో హ్యాట్‌ఫీల్డ్ దగ్గర పగిలిన పట్టా మీద రైలు పడి నలుగురు చనిపోయారు. మరుసటేడు పట్టాల కంపెనీ రైల్‌ట్రాక్ దివాలా తీసింది, 2002లో పట్టాలు మళ్లీ పబ్లిక్ సంస్థ కిందికి వచ్చాయి. 2024లో పార్లమెంటు చట్టం చేసి ప్రయాణికుల బళ్లను కూడా ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవడం మొదలెట్టారు. దీన్ని మన వామపక్ష మిత్రులు బాగానే చెప్తారు. వాళ్లు చెప్పనిది వేరే ఉంది.

రెండో మాట: ప్రజల ఆస్తి.

1938 ఫిబ్రవరి 12, 13 తేదీల్లో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభ జరిగింది. అధ్యక్షుడు బాబాసాహెబ్ అంబేడ్కర్. ఈ దేశపు కార్మికులకు శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని ఆయన ప్రకటించింది ఈ సభలోనే. ఆ మాట అందరూ ఉదహరిస్తారు. అది రైల్వే కార్మికుల సభ అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. అక్కడ ఆయన రైల్వే గురించి చెప్పింది ఏమిటి? అంటరాని కులాల కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముసలివాడవుతాడు, పై మెట్టు లేదు. కనీసం పోర్టరు పని కూడా దొరకదు. ఎందుకంటే పోర్టరు అన్నవాడు స్టేషన్ మాస్టరు ఇంట్లో పని కూడా చేసిపెట్టాలి. స్టేషన్ మాస్టరు సవర్ణుడు. అంటరానివాడు ఇంట్లోకి రాకూడదు కాబట్టి ప్లాట్‌ఫారం మీద మూటలు మోసే పనికి కూడా పనికిరాడు.

ఇక్కడ ఒక తేదీని పక్కన పెట్టుకొని చదవాలి. జి.ఐ.పి. రైల్వే 1938లో కంపెనీ చేతిలో లేదు. ఆక్వర్త్ కమిటీ సలహా తర్వాత 1925లోనే సర్కారు దాన్ని తన యాజమాన్యంలోకి తెచ్చుకుంది. అంటే బాబాసాహెబ్ వర్ణించింది సర్కారు రైల్వేను. యాజమాన్యం కంపెనీ నుంచి సర్కారుకు మారి పదమూడేళ్లయినా గ్యాంగ్‌మన్ గ్యాంగ్‌మన్‌గానే ఉన్నాడు. యజమాని మారితే కులం మారదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 'ప్రజల ఆస్తి' అని కరపత్రంలో రాసే మిత్రులు ఆ ప్రజల్లో ఎవరెవరు ఉన్నారో ఈ ఉపన్యాసం దగ్గర పెట్టుకొని ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

దళిత కార్మికులు విడిగా సభ పెట్టుకుంటే కార్మికవర్గం చీలిపోతుందని అప్పుడు కూడా అన్నారు. మన్మాడ్‌లో ఆయన ఆ ఆరోపణకు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఈనాడు ఎస్.సి., ఎస్.టి. ఉద్యోగుల సంఘాలకు అదే ఆరోపణ అదే మాటల్లో వస్తోంది. 1974 మే నెలలో జరిగిన రైల్వే సమ్మె గొప్పదే. పదిహేడు లక్షల మంది చేరువ కార్మికులు, ఇరవై రోజులు, జైళ్లు, క్వార్టర్ల నుంచి గెంటివేతలు. అందులో దళిత గ్యాంగ్‌మన్‌లూ ఖలాసీలూ తిన్న దెబ్బలు తక్కువేం కాదు. ఆ త్యాగాన్ని మేము చిన్నచేయడం లేదు. సమ్మె చరిత్రలు రాసినప్పుడు సఫాయి కార్మికుల డిమాండు ఏమైందని అడుగుతున్నాం.

మరి రైల్వేలో మన పరిస్థితి మారలేదా అంటే మారింది. ఎట్లా మారింది? 1943లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్ సభ్యుడుగా ఉన్నప్పుడు, కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం కేటాయింపు వచ్చింది. 1946లో అది 12.5 అయింది. రాజ్యాంగంలో 16(4) అధికరణం వచ్చింది. 1970లో 15 శాతం అయింది. 1959లో, జగ్జీవన్ రామ్ రైల్వే మంత్రిగా ఉన్న రోజుల్లో, రైల్వే బోర్డు ప్రమోషన్లలో కూడా రిజర్వేషన్ వర్తిస్తుందని సర్క్యులర్లు ఇచ్చింది. వెంటనే సదరన్ రైల్వేలో రంగాచారి అనే ఉద్యోగి కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 1961లో సుప్రీంకోర్టు ముగ్గురు ఇటు, ఇద్దరు అటు తేలి, సర్క్యులర్లను నిలబెట్టింది. ఒక్క న్యాయమూర్తి తేడాతో మన గ్యాంగ్‌మన్ కొడుకు పై మెట్టు ఎక్కాడు.

అక్కడితో అయిందా? 1980లో అఖిల భారత శోషిత్ కర్మచారి సంఘ్ కేసు. పేరు శోషితులది, కేసు రిజర్వేషన్లకు వ్యతిరేకంగా. శోషితులు అన్న మాటను కూడా మనకు వదల్లేదు. కృష్ణయ్యర్ ఉన్న బెంచి ఆ కేసు కొట్టేసింది. 1995లో వీర్‌పాల్ సింగ్ చౌహాన్ కేసు, ఇది రైల్వే గార్డుల సీనియారిటీ గొడవ. రోస్టర్ మీద ముందు ప్రమోషన్ వచ్చిన దళిత గార్డు వెనక వచ్చిన జనరల్ గార్డుకు సీనియర్ కాడు పొమ్మంది కోర్టు. దాన్ని సరిచేయడానికి 2001లో 85వ రాజ్యాంగ సవరణ తేవాల్సి వచ్చింది. ప్రమోషన్లలో రిజర్వేషన్ చరిత్ర చదివేవాళ్లకు ఇన్ని ముఖ్యమైన కేసులు రైల్వేనుంచే ఎందుకు వచ్చాయన్న అనుమానం రావాలి. రైల్వే అంత పెద్ద యజమాని కావడం ఒక కారణం. గార్డు డబ్బాలో, స్టేషన్ మాస్టరు కుర్చీలో, బుకింగ్ కిటికీ వెనక మనవాడు కూర్చోవడం అందరి కళ్లకూ కనపడుతుంది, అది ఇంకో కారణం.

మా వాదనలో కీలకం ఇక్కడుంది. రైల్వే సర్కారుది అయినందువల్ల మనకు దానంతటదే ఏదీ రాలేదు. సర్కారుది అయినందువల్ల దాన్ని రాజ్యాంగం ముందు నిలబెట్టి అడగగలిగాం. కంపెనీని అట్లా నిలబెట్టే అధికరణం లేదు. 2005లో 93వ సవరణతో ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్‌కు వీలు కల్పించారు గానీ, ప్రైవేటు ఉద్యోగాల దగ్గరకొచ్చేసరికి 2006లో పారిశ్రామికవేత్తల సంఘాలు స్వచ్ఛందంగా ఏదో చేస్తామంటే సరేనని ఊరుకున్నారు. 151 రైళ్ల ప్రకటనలో కూడా ఉద్యోగాలు సృష్టిస్తామన్న మాట ఉంది. ఎవరికి అన్నది లేదు. అందుచేత మేము ప్రైవేటు రైలుకు వ్యతిరేకం. ఈ విషయంలో శషభిషలు లేవు.

అయితే, అమ్మకుండానే పోయినదాని సంగతేమిటి?

2021 మార్చిలో రైల్వే మంత్రి లోక్‌సభలో రైల్వేను ప్రైవేటీకరించం అని చెప్పాడు. యూనియన్లు దాన్ని గెలుపుగా చెప్పుకున్నాయి. రైల్వేలో 1990-91లో 16 లక్షలకు పైగా ఉద్యోగులుండేవాళ్లు. ఇప్పుడు 12 లక్షల చిల్లర. రైళ్లు పెరిగాయి, ప్రయాణికులు పెరిగారు, లక్షల ఉద్యోగాలు తగ్గాయి. ఒక్క ఇంజనూ అమ్మలేదు. తగ్గింది ఎక్కువగా కింది మెట్టు. ప్లాట్‌ఫారం ఊడ్చడం, బోగీలు కడగడం, దుప్పట్లు ఉతకడం, కక్కసులు శుభ్రం చేయడం ఇవన్నీ 2000 తర్వాత ఒక్కొక్కటే టెండర్లలోకి పోయాయి. దేబ్రాయ్ రాకముందే మన పని ప్రధానం కాని పని అయిపోయింది. దానికి ఏ కమిటీ అక్కర్లేకపోయింది, ఏ సదస్సూ జరగలేదు. 151 రైళ్లకు లేచిన గొంతుల్లో సగమన్నా ఆనాడు లేచి ఉంటే ఇవాళ మేము ఇట్లా రాయాల్సిన పని ఉండేది కాదు.

చట్టం వైపు నుంచి కూడా చూద్దాం. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. దాని కింద 1976 డిసెంబరులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది: కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి వచ్చే సంస్థల భవనాలను ఊడ్చడం, తుడవడం, కాపలా కాయడం వంటి పనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఇట్లాంటి కార్మికుల్ని సొంత ఉద్యోగులుగా తీసుకోవాలంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పునూ కొట్టేసింది, 1976 నోటిఫికేషన్‌నూ కొట్టేసింది. చీపురు పట్టిన మనిషికి పాతికేళ్లు కాగితం మీద నిలిచిన ఒకే ఒక్క రక్షణ అట్లా పోయింది. లేబర్ లా చదివేవాళ్లు దీన్ని పారిశ్రామిక వివాదంగా చదువుతారు. ఊడ్చేవాళ్లు ఏ కులమో ఆ తీర్పుల్లో వెతికినా కనపడదు.

ఆ మధ్య ఒక పెద్ద జంక్షన్‌లో బోగీలు కడిగే ఆడవాళ్లతో మాట్లాడాం. స్టేషన్ పేరు చెప్పం, చెప్తే వాళ్ల పని పోతుంది. అందులో ఒకామె పదిహేనేళ్లుగా అదే లైన్లో అదే పని చేస్తోంది. కాంట్రాక్టర్లు మాత్రం నలుగురు మారారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆమె సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. పి.ఎఫ్. ఎంత ఉందమ్మా అంటే, కోస్తున్నారు సార్, ఎక్కడ పడుతోందో తెలియదంది. మమ్మల్ని కదిలించింది ఇంకో సంగతి. ఆమె అత్త అదే స్టేషన్‌లో పర్మినెంటు సఫాయివాలాగా చేసి రిటైరైంది. ముసలమ్మకు పెన్షను వస్తోంది, రైల్వే ఆసుపత్రి ఉంది. కోడలికి ఈ రెండూ లేవు. ఇంట్లో నెల తిరిగేసరికి అత్త పెన్షనే ఆసరా. కులవృత్తి మారలేదు, హోదా ఒక తరం వెనక్కి పోయింది.

ఇంకో చిక్కు ఉంది. దాన్ని దాచిపెట్టి రాయడం న్యాయం కాదు. ఆరో వేతన సంఘం తర్వాత, 2008లో, గ్రూప్ డి అన్నదాన్ని గ్రూప్ సిలో కలిపేశారు. జీతం కాస్త మనిషి బతికే జీతం అయింది. అప్పటిదాకా ఆ పనివైపు తొంగిచూడని కులాలవాళ్లు కూడా ఆ మెట్టులోని పోస్టులకు రావడం మొదలెట్టారు. పనికి గౌరవం వచ్చే వేళకు పనిని పోస్టు నుంచి విడదీసి టెండరుకు ఇచ్చారు. జీతం ఉన్న పోస్టు అందరిదీ అయింది, జీతం లేని పని మళ్లీ రెల్లి, మెహతర్ ఇళ్లకే వచ్చింది. ఇందులో మనలో మనం మాట్లాడుకోవాల్సింది కూడా ఉంది. రోస్టర్ మీద వచ్చిన గుమస్తా ఉద్యోగాలు ఎవరికి, సఫాయి టెండరు కూలి ఎవరికి అన్న లెక్క షెడ్యూల్డు కులాల లోపల కూడా తీయాలి. దండోరా ఉద్యమం అడిగిన ప్రశ్న రైల్వే కాలనీలో ఆగిపోకూడదు.

పట్టాల సంగతికి వద్దాం. 1993లోనే పాకీ పని నిషేధ చట్టం వచ్చింది. చట్టం చేసిన సర్కారే తన రైళ్ల కింద వేల కిలోమీటర్ల బహిరంగ దొడ్డి నడిపింది. ఏ ప్రైవేటు కంపెనీకీ ఈ ఘనత లేదు. 2003లో సఫాయి కర్మచారి ఆందోళన్ సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ. 2013 చట్టం రైలు పట్టాను కూడా నిర్వచనంలోకి తెచ్చింది. తెచ్చి, వెంటనే కిందొక వివరణ పెట్టింది: కేంద్రం నోటిఫై చేసిన పరికరాలూ రక్షణ తొడుగులూ వాడి మలం శుభ్రం చేసే మనిషిని పాకీ పనివాడుగా లెక్కించరాదు. అంటే చేతికి గ్లౌజు తొడిగితే చాలు, చట్టం కళ్లకు ఆ మనిషి మాయమవుతాడు. 2014 మార్చి 27 తీర్పులో సుప్రీంకోర్టు రైల్వే గడువు పెట్టుకొని ఈ పనిని అంతం చేయాలంది. 2019-20 నాటికి దాదాపు అన్ని బోగీలకూ బయో టాయిలెట్లు పెట్టారు. ఇది మంచి పని, ఒప్పుకుంటాం. మన ఉద్యమమూ కోర్టులూ సర్కారు మెడ మీద కూర్చుంటే జరిగిన పని. అయితే ఆ టాయిలెట్ మూసుకుపోయినప్పుడు చెయ్యి పెట్టేది ఎవరని అడిగితే మళ్లీ టెండరు కాగితమే చూపిస్తారు.

ప్రయాణికుల వైపు నుంచి కూడా రెండు మాటలు. 1974లో మూడో తరగతి అన్న పేరు తీసేశారు. తరగతి పోలేదు, జనరల్ బోగీ అయింది. వలస కూలీలు, అడ్డా మీదికి పోయేవాళ్లు, పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్లు ఎక్కేది అందులో. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో సీట్లు నిండేకొద్దీ ఛార్జీ పెరిగే పద్ధతి పెట్టింది సర్కారే. 2019 ఫిబ్రవరిలో మొదలైన వందే భారత్ సర్కారు రైలే, జనరల్ బోగీ ఉండదు. కరోనా తర్వాత పాసింజరు బళ్లను ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి 10 రూపాయల కనీస ఛార్జీని 30 చేసి, 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ 10కి తేలేదు. మధ్యలో ఆ ఇరవై రూపాయలు కట్టింది ఎవరు? పల్లె నుంచి జిల్లా కేంద్రానికి కూరగాయల గంపతో పోయే ఆడవాళ్లు కట్టారు. 2023 డిసెంబరులో అమృత్ భారత్ అని ఏ.సి. లేని రైళ్లు కూడా మొదలెట్టారు, కాదనం. సర్కారు చేతిలో ఉంటే చాలు పేదలకు రైలు దొరుకుతుందన్న వాదన మాత్రం నిలవదని చెప్తున్నాం. కంపెనీ చేయాలనుకున్న పనిని సర్కారే కంపెనీలాగా చేస్తున్నప్పుడు యాజమాన్యం ఎవరిదన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతే లాభం లేదు.

మనలో కొందరు ఇంకో వాదన తెస్తున్నారు. 2002 భోపాల్ ప్రకటన నుంచి ఆ ధోరణి బలపడింది. సర్కారు ఉద్యోగం ఎట్లాగూ పోతోంది, దాని వెంట ఏడుస్తూ కూర్చోవడం కన్నా దళితులు కాంట్రాక్టర్లు కావాలి, పెట్టుబడిదారులు కావాలి అంటారు. 2012 నుంచి కేంద్ర సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్.సి., ఎస్.టి. చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. ఆ 4 శాతం మనవాళ్లకు రావాల్సిందే, రాకపోతే కొట్లాడాల్సిందే. కానీ బోగీలు కడిగే టెండరు దళిత కాంట్రాక్టరుకు వస్తే కడిగే ఆమెకు ఏం మారుతుంది? తక్కువకు కోట్ చేసినవాడికే టెండరు. తక్కువ అనేది ఆమె కూలిలోంచే రావాలి. ఆ కాంట్రాక్టరు మన బంధువే కావచ్చు, లెక్క లెక్కే.

మా అడుగుడు ఇది. రైల్వే సర్కారు చేతిలోనే ఉండాలి. టెండర్లలోకి పోయిన సఫాయి పని తిరిగి పోస్టుల్లోకి రావాలి. అది వచ్చేదాకా ప్రతి టెండరులో పాత కార్మికుల సర్వీసు కొత్త కాంట్రాక్టరు కింద కొనసాగాలన్న షరతు ఉండాలి, పి.ఎఫ్. పుస్తకం ఆమె చేతిలో ఉండాలి. స్టేషన్ వారీగా ఏ పనిలో ఏ కులంవాళ్లు ఎంతమంది ఉన్నారో, పర్మినెంటు ఎందరో కాంట్రాక్టు ఎందరో, రైల్వే బోర్డు లెక్క తీసి బయటపెట్టాలి. యూనియన్ మిత్రుల్ని కూడా ఒకటి అడుగుతున్నాం: మీ బ్రాంచి కమిటీల్లో కాంట్రాక్టు సఫాయి కార్మికులకు సభ్యత్వం ఇస్తారా? ఇస్తే ప్రజల ఆస్తి అన్న మీ కరపత్రం మేము కూడా పంచుతాం.

2019లో రైల్వే 1,03,769 కింది మెట్టు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. కోటి 15 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. పరీక్ష 2022లో గానీ జరగలేదు. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు పరీక్ష ఊరికి పోవడానికి ఉచిత రైలు పాసు ఉంది. పుస్తకాల సంచీతో, పాసు కాగితం జేబులో పెట్టుకొని, రాత్రంతా ప్రయాణం చేసి మన పిల్లలు ఆ పరీక్షలు రాసొచ్చారు. 2019 అక్టోబరు 4న లక్నో నుంచి ఢిల్లీకి మొదలైన తేజస్‌లో, మొదటి 'ప్రైవేటు' రైలని పేరు పెట్టి ఐ.ఆర్.సి.టి.సి. నడిపే ఆ రైల్లో, ఏ రాయితీలూ పాసులూ చెల్లవు.